కదలకపోవడం కాదు, తిరిగి కుదురుకోవడం: గణితం, ఇంజినీరింగ్ దృష్టిలో స్థిరత్వం

ఆరంగ్ (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు తూర్పున, మహానదికి సమీపంలో ఉన్న ఆరంగ్‌కు దేవాలయాల పట్టణమని పేరు. అక్కడి ఆలయాల్లో ప్రసిద్ధమైనది భాండ్ దేవల్. 11వ శతాబ్దం నాటిదిగా భావించే ఈ జైన ఆలయం నక్షత్రాకారపు పీఠంపై నిర్మితమైంది. గర్భగృహంలో నల్లరాతితో మలచిన మూడు తీర్థంకర విగ్రహాలున్నాయి. శిఖరంలో కొంత భాగం ఎప్పుడో కూలిపోయింది. మిగిలిన రాళ్లు విడిపోకుండా గతంలో కట్టడం చుట్టూ ఇనుప పట్టీలు బిగించారు.

ఈ ఆలయం స్థిరంగా ఉన్నట్టా, లేనట్టా? శతాబ్దాలుగా నిలిచే ఉంది కనుక స్థిరమైనదేనని ఒకరు అనవచ్చు. పట్టీల ఆసరా అవసరమైంది కనుక కాదని మరొకరు వాదించవచ్చు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. ఎందుకంటే ‘స్థిరం’ అనే మాటను లోకవ్యవహారంలో ఒక అర్థంలోనూ, శాస్త్రంలో మరొక అర్థంలోనూ వాడుతున్నాం. ఈ తేడా తెలియకపోతే వంతెనలు ఎందుకు కూలతాయో, కోట్ల ఇళ్లకు ఒకేసారి కరెంటు ఎందుకు పోతుందో అర్థం కాదు.

కుండ, కుదురు, నిమ్మకాయ

వాడుకలో స్థిరమంటే కదలనిది. స్థిరాస్తి, స్థిరనివాసం వంటి మాటల్లో ఉన్నది ఈ అర్థమే. శాస్త్రం అడిగే ప్రశ్న వేరు: కొద్దిగా కదిపితే ఏమవుతుంది?

ఖాళీ కుండ అడుగున ఒక నిమ్మకాయ ఉందనుకుందాం. దాన్ని వేలితో నెడితే కాస్త పైకెక్కి, అటూ ఇటూ దొర్లి, చివరికి అడుగుకే చేరుతుంది. అదే కుండను బోర్లించి దాని నడినెత్తిన నిమ్మకాయను జాగ్రత్తగా నిలబెట్టగలిగితే అది కూడా కదలకుండానే ఉంటుంది. కానీ చిన్న గాలి వీచినా జారిపోతుంది, మళ్లీ పైకి రాదు. రెండు చోట్లా ఉన్నది సమతాస్థితే. మొదటిది స్థిరం, రెండోది అస్థిరం. రెంటినీ నిశ్చలంగా ఉన్నప్పుడు చూసి తేడా చెప్పలేం, కదిపి చూడాలి.

ఈ భావానికి తెలుగులో చక్కని మాట ఉంది. గుండ్రటి అడుగున్న కుండ నేలమీద పొర్లకుండా దాని కింద పెట్టే చుట్టను కుదురు అంటారు. పిల్లలను ‘కుదురుగా ఉండు’ అనడం, అలజడి తరువాత మనసు ‘కుదుటపడింది’ అనడం మనకు అలవాటే. కదిలినా తన చోటికి తిరిగి చేరడం, అంటే కుదురుకోవడం, శాస్త్రం చెప్పే స్థిరత్వానికి దగ్గరగా ఉంటుంది.

పొరపాటు పెరుగుతుందా, తరుగుతుందా?

ఇదే సంగతిని గణితం వస్తువులతో పనిలేకుండా అంకెలతోనే చూపుతుంది. ఒక సంఖ్యను తీసుకుని, దాన్ని 10తో గుణించి, వచ్చిన దానిలోంచి 3 తీసివేయాలనేది నియమం అనుకుందాం. మూడింట ఒక వంతుతో మొదలుపెడితే ఎన్నిసార్లు చేసినా మూడింట ఒక వంతే వస్తుంది. అది ఆ నియమానికి సమతాస్థితి. అయితే మూడింట ఒక వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేం కనుక 0.333తో మొదలుపెడదాం. వరుసగా 0.33, 0.3, 0, మైనస్ 3, మైనస్ 33 వస్తాయి. వెయ్యింట ఒక వంతుకన్నా తక్కువైన పొరపాటు అయిదు అడుగుల్లో లెక్కనంతా ముంచేసింది.

ఇప్పుడు నియమాన్ని తిప్పి చూద్దాం. సంఖ్యకు 3 కలిపి 10తో భాగించాలి. దీనికీ సమతాస్థితి మూడింట ఒక వంతే. కానీ ఈసారి మైనస్ 33తో మొదలుపెట్టినా మైనస్ 3, 0, 0.3, 0.33, 0.333 అంటూ సంఖ్యలు గమ్యానికి దగ్గరవుతాయి. దారి అదే, నడక దిశే మారింది. మొదటి నియమం ప్రతి పొరపాటును పదింతలు చేస్తే, రెండోది పదో వంతుకు తగ్గిస్తుంది. స్థిరత్వ సిద్ధాంతానికి మూలసూత్రం ఇదే.

ఈ భావనకు కచ్చితమైన గణిత రూపాన్ని రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ ల్యాపునోవ్ 1892లో వెలువడిన తన సిద్ధాంత గ్రంథంలో ఇచ్చారు. ఆయన రెండు స్థాయులను వేరుచేశారు. కదిపిన వస్తువు మరీ దూరం పోకుండా ఆ చుట్టుపక్కలే ఉండిపోవడం ఒకటి. క్రమంగా మొదటి చోటికే చేరుకోవడం రెండోది. రాపిడి లేని ఉయ్యాల మొదటి రకం, రాపిడి వల్ల నెమ్మదించి ఆగే ఉయ్యాల రెండో రకం. చలన సమీకరణాలను పూర్తిగా సాధించకుండానే, శక్తిని పోలిన ఒక రాశి కాలంతో పాటు తగ్గుతోందో లేదో చూసి స్థిరత్వాన్ని తేల్చే పద్ధతిని కూడా ఆయన చూపారు. నేటికీ నియంత్రణ వ్యవస్థల రూపకల్పనలో ఈ పద్ధతిని వాడుతున్నారు.

బలముంటే చాలదు

ఇంజినీరింగ్‌లో బలం వేరు, స్థిరత్వం వేరు. పొట్టి కర్రను నిలబెట్టి పైనుంచి నొక్కితే బాగా తట్టుకుంటుంది. అదే మందం గల పొడవాటి కర్ర చాలా ముందే పక్కకు వంగిపోతుంది. కలప గట్టిదనం మారలేదు, నిటారుగా నిలిచే స్థితి అస్థిరమైంది. ఎంత భారం వద్ద ఇలా జరుగుతుందో స్విస్ గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ 1744లోనే లెక్కగట్టారు. ఆయన సూత్రం ప్రకారం సన్నని స్తంభం పొడవు రెట్టింపైతే అది మోయగల భారం నాలుగో వంతుకు పడిపోతుంది.

ఈ సత్యాన్ని తక్కువగా అంచనా వేసిన ఫలితం కెనడాలో కనిపించింది. క్విబెక్ వద్ద సెయింట్ లారెన్స్ నదిపై కడుతున్న ఉక్కు వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది కార్మికులు మరణించారు. ఒత్తిడి మోసే కింది ఉక్కు భాగాలు వంగి విఫలమయ్యాయి. అవి వంగుతున్న సంగతి ప్రమాదానికి ముందే నిర్మాణ స్థలంలో కొలతల్లో తేలింది, ఆ వంపు రోజురోజుకూ పెరిగింది కూడా. ఇక భారం పెంచవద్దన్న నిర్ణయం న్యూయార్క్‌లో జరిగినా, అది పనిచేసే చోటికి సకాలంలో చేరలేదు. పెరుగుతున్న పొరపాటు అస్థిరతకు మొదటి గుర్తు. దాన్ని గుర్తించడంతో పాటు, గుర్తించిన వెంటనే పని ఆపగలగడం కూడా అవసరమని ఆ ప్రమాదం నేర్పింది.

వేగంతో మారే గుణం

విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు మహాసముంద్ తరువాత మహానదిని దాటి ఆరంగ్ ప్రాంతం మీదుగా సాగుతుంది. ఆ రైలు పట్టాల మధ్య నిలిచి పరుగెత్తడం కూడా స్థిరత్వానికి ఉదాహరణే. రైలు చక్రం అంచు సమతలంగా కాక, శంకువు ముక్కలా ఏటవాలుగా ఉంటుంది. భారతీయ రైల్వేలో ఈ వాలు 20కి 1. ఒకే ఇరుసుకు బిగించిన చక్రాల జత కుడివైపు జరిగితే, కుడి చక్రం పెద్ద చుట్టుకొలతపైనా, ఎడమ చక్రం చిన్న చుట్టుకొలతపైనా దొర్లుతాయి. ఒకే సమయంలో కుడి చక్రం ఎక్కువ దూరం పోతుంది కనుక జత తనంతట తానే ఎడమకు మళ్లుతుంది.

అయితే అలా మళ్లినప్పుడు మధ్యలో ఆగక అవతలి వైపునకు పోతుంది, అక్కడి నుంచి మళ్లీ ఇటు వస్తుంది. తక్కువ వేగంలో స్ప్రింగులు, డ్యాంపర్లు ఈ ఊగిసలాటను అణచివేస్తాయి. ఒక హద్దు దాటిన వేగంలో అదే ఊగిసలాట తగ్గకుండా పెరుగుతుంది. అందుకే స్థిరత్వం వస్తువుకు శాశ్వతంగా అంటుకున్న గుణం కాదు. వేగం, భారం, పొడవు వంటివి మారితే అదీ మారుతుంది.

సరిదిద్దే ప్రయత్నమే కొన్నిసార్లు అస్థిరతకు కారణమవుతుంది. ఆవిరి యంత్రం వేగాన్ని అదుపు చేసేందుకు వాడిన గవర్నర్లు 19వ శతాబ్దంలో ఈ సమస్యను తెచ్చాయి. వేగం పెరిగితే ఆవిరి తగ్గించడం, తగ్గితే పెంచడం వాటి పని. ఆ సవరణ ఆలస్యంగానో, అతిగానో జరిగితే యంత్రం కుదుటపడకపోగా మరింతగా ఊగేది. భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1868లో ప్రచురించిన పత్రంలో దీన్ని గణిత సమీకరణంగా మార్చారు. యంత్రం స్థిరమా కాదా అన్నది ఆ సమీకరణపు మూలాల వాస్తవ భాగాలు రుణాత్మకమా కాదా అన్నదానిపై ఆధారపడుతుందని చూపారు. మూలాలను కనుక్కోకుండానే ఆ సంగతి తేల్చే పరీక్షను ఎడ్వర్డ్ రౌత్ 1877లో అందించారు.

వాతావరణ అంచనాల్లోనూ ఇదే చిక్కు ఉంటుంది. బంగాళాఖాతంలో తుపాను కదలికను లెక్కించే కంప్యూటరు సముద్రాన్ని, ఆకాశాన్ని గళ్లుగా విభజించి, కాలాన్ని చిన్న అంగలుగా తీసుకుంటుంది. గడి వెడల్పు 10 కిలోమీటర్లు, అలజడి వేగం సెకనుకు 300 మీటర్లు అయితే, ఒక అలజడి గడిని దాటడానికి సుమారు 33 సెకన్లు పడుతుంది. సరళమైన పద్ధతుల్లో కాలపు అంగ అంతకన్నా పెద్దదైతే పై ఉదాహరణలోని మొదటి నియమంలాగే చిన్న లోపాలు పెరిగి లెక్క చెదిరిపోతుంది. సమీకరణాలు సరైనవే అయినా ఫలితం పనికిరాదు. ఈ నిబంధనను కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితవేత్తలు 1928లో వెల్లడించారు.

ఆ రెండు రోజులు

స్థిరత్వం కోల్పోవడమంటే ఏమిటో దేశానికి అనుభవపూర్వకంగా తెలిసింది 2012లో. జులై 30 తెల్లవారుజామున 2:33 గంటలకు ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాల్లో సరఫరా ఆగిపోయింది. రైళ్లు నిలిచిపోయాయి.

కళ్లంలో ఒకే తాడుకు కట్టి తిప్పే ఎడ్లు ఒకే నడకన నడవాలి. గ్రిడ్‌కు కలిపిన జనరేటర్లు కూడా అలాగే సెకనుకు 50 ఆవర్తనాల లయకు కట్టుబడి తిరగాలి. ఒకటి కాస్త ముందుకు పోతే మిగిలినవి దాన్ని వెనక్కి లాగుతాయి. ఈ లాగుడు బలం వాటిని కలిపే లైన్ల మీద ఆధారపడుతుంది. ఆ రోజుల్లో పశ్చిమ, ఉత్తర ప్రాంతాలను కలిపే లైన్లలో కొన్ని వాడకంలో లేవు. బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైనుపై భారం విపరీతంగా పెరిగింది. రక్షణ పరికరం ఆ అధిక భారాన్నే లోపంగా పరిగణించి లైనును విడదీసింది. అక్కడి నుంచి భారం ఇతర లైన్ల మీద పడి ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి.

ఛత్తీస్‌గఢ్ ఉన్న పశ్చిమ గ్రిడ్ విడివడి నిలదొక్కుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న దక్షిణ గ్రిడ్ కూడా నిలిచింది. దానికొక కారణముంది. అప్పట్లో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో లయ కలిపి లేదు. విశాఖపట్నంలోని గాజువాక, మహారాష్ట్రలోని భద్రావతి వంటి కేంద్రాల్లో ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చి, మళ్లీ ఏకాంతరంగా మార్చి పంపేవారు. కరెంటు దాటేది గానీ, అవతలి ఊగిసలాట ఇవతలికి దాటేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా కలిసి దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దీనివల్ల ఒకచోట మిగిలిన విద్యుత్తు కొరత ఉన్న చోటికి సులువుగా చేరుతుంది. ఒకచోటి అలజడి మరొకచోటికి చేరే అవకాశమూ ఏర్పడింది. అందుకే అడుగడుగునా కొలతలు, కొంత భారాన్ని వెంటనే తప్పించే ఏర్పాట్లు అవసరమయ్యాయి.

ఎంత మిగిలి ఉంది?

ఈ ఉదాహరణలన్నిటిలో ప్రశ్న ఒక్కటే: కదిపితే తిరిగి వస్తుందా? ఇంజినీరు దానికి మరొక ప్రశ్న జోడిస్తాడు: ఎంతవరకు కదిపితే? కుండ అడుగున ఉన్న నిమ్మకాయ కూడా అంచు దాటేంతగా నెడితే బయట పడుతుంది. ఆ అంచుకు, ఉన్న చోటుకు మధ్య దూరమే భద్రతకు మిగిలిన వెసులుబాటు. అది తరిగిపోతున్నప్పుడు పలు వ్యవస్థల్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. కదిపిన తరువాత కుదుటపడడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. కుండ లోతు తగ్గి పళ్లెంలా మారుతుంటే నిమ్మకాయ నెమ్మదిగా వెనక్కి దొర్లినట్టే ఇదీ.

పాత శిల్పులు ఈ వెసులుబాటును అనుభవంతో సంపాదించారు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. దాని శిఖరానికి తేలికైన ఇటుకలను వాడి పైభారాన్ని తగ్గించారు. ఆరంగ్‌లోని ఆలయం రాతి కట్టడం. రాయి ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది గానీ, లాగుడును తట్టుకోలేదు. కొంత భాగం కూలి బిగువు తప్పిన కట్టడంలో రాళ్లు వెలుపలికి జరగజూస్తాయి. ఇనుము లాగుడును తట్టుకుంటుంది. పట్టీలు చేసే పని శిఖరాన్ని మోయడం కాదు, జరగబోయే రాయిని జరగనీయకపోవడం.

అందువల్ల భాండ్ దేవల్ స్థిరమా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. పట్టీలతో కలిపి చూస్తే అది కుదురుకున్న కట్టడం. అవి తుప్పుపట్టి సడలితే ఆ జవాబు మారుతుంది. శతాబ్దాలుగా నిలిచిందన్నది గతానికి సాక్ష్యమే తప్ప రేపటికి హామీ కాదు. వంతెనకైనా, గ్రిడ్‌కైనా, గుడికైనా మిగిలిన వెసులుబాటును మళ్లీ మళ్లీ కొలుస్తూ ఉండాల్సిందే.