గుమ్మం ముందుకు వచ్చిన సైకిలు సామాను

భిలాయి ఉక్కు కర్మాగారానికీ సైకిలుకూ గల అనుబంధం ఈనాటిది కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయింది. ఆ తొలినాళ్ళ నుంచి సెక్టార్లలోని క్వార్టర్లకూ కర్మాగారపు గేట్లకూ మధ్య కార్మికులను మోసిన నమ్మకమైన వాహనం సైకిలే. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో, తొలి జీతాల పొదుపుతో కొన్న నల్ల సైకిలును నేటికీ వరండాలో జాగ్రత్తగా నిలిపి ఉంచుకొన్నవారు లేకపోలేదు.

నేడు స్కూటర్లు, మోటారు సైకిళ్ళు పెరిగిన మాట వాస్తవమే. అయినప్పటికీ చుట్టుపక్కల గ్రామాల నుంచి పనికి వచ్చే కాంట్రాక్టు కార్మికులకు, బడికి వెళ్ళే పిల్లలకు, వైద్యుని సలహాపై ఉదయం మైత్రీబాగ్ వైపు తొక్కుకుంటూ వెళ్ళే విశ్రాంత ఉద్యోగులకు సైకిలే ఆధారం. దానిలో ఒక చిన్న భాగం చెడిపోతే ఒకరికి షిఫ్టు తప్పుతుంది, మరొకరికి బడి తప్పుతుంది. ఆ చిన్న భాగాన్ని ఈ రోజులలో పలువురు అంగడికి వెళ్ళి కాక, చేతిలోని ఫోను ద్వారా తెప్పించుకుంటున్నారు. వారి అనుభవాలు ఎలా ఉన్నవో తెలుసుకొని పాఠకుల ముందు ఉంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

అంగడి నుంచి ఫోనుకు

మన దేశంలో సైకిలు విడిభాగాల తయారీకి లుధియానా పెట్టింది పేరు. అక్కడి సరుకు టోకు వర్తకుల ద్వారా రాయపూర్, దుర్గ్ చేరి, అటుపైన సుపేలా, పవర్‌హౌస్ దుకాణాలకు రావడం పాత పద్ధతి. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాల అమ్మకంతో ప్రారంభమయింది. అమెజాన్ 2013లో మన దేశపు వినియోగదారుల కోసం తన అంగడిని తెరిచింది. తరువాతి సంవత్సరాలలో టైరు, ట్యూబు, చెయిను వంటివి కూడా 490తో మొదలయ్యే మన పిన్ కోడ్‌లకు నేరుగా చేరసాగాయి.

ఈ మార్పుకు కారణం కేవలం ధర కాదని మేము మాట్లాడిన వారందరూ చెప్పారు. దుకాణదారు ఎక్కువగా అమ్ముడుపోయే సరుకునే ఉంచుతాడు. మరీ పాత సైకిలు భాగాలు, మరీ కొత్త గేరు సైకిలు భాగాలు రెండూ అతని వద్ద దొరకడం కష్టం. అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారంలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, ఉత్పత్తి నిలిపివేసింది. అటువంటి పాత సైకిళ్ళు గలవారికి సరియైన భాగాల కోసం వెతుకులాట తప్పదు.

అంగుళాల మాయ

సెక్టార్‌లలో నివసించిన ఒక విశ్రాంత ఉద్యోగి తన పాత సైకిలు వెనుక చక్రానికి 28 అంగుళాల టైరు కావాలని ఆర్డరు చేశారు. వచ్చినదానిపైనా 28 అనే ఉన్నది. అయితే మిస్త్రీ ఎంత ప్రయత్నించినా అది రిమ్ముపైకి ఎక్కలేదు. తప్పు మిస్త్రీది కాదు, సరుకు నకిలీ కూడా కాదు. టైరు అంచు పక్కన చిన్న అక్షరాలతో ముద్రించి ఉన్న రెండవ సంఖ్యలోనే రహస్యమంతా ఉన్నది.

మన పాత నల్ల సైకిళ్ళ 28 x 1½ టైరుపై 40-635 అని ఉంటుంది. ఇందులో 40 టైరు వెడల్పు, 635 టైరు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. నేటి అనేక సైకిళ్ళ టైరుపై కూడా 28 అని రాసి ఉన్నప్పటికీ, దాని వ్యాసం 622 మాత్రమే. పదమూడు మిల్లీమీటర్లు తక్కువైన టైరు రిమ్ముపై ఎలా ఎక్కుతుంది? విచిత్రమేమనగా, 29 అంగుళాలుగా పిలువబడే కొత్త సైకిళ్ళ టైరు వ్యాసం కూడా ఈ 622యే. అనగా మన తాతలనాటి 28, నేటి 29 కంటె పెద్దది! 26 అంగుళాల విషయంలోనూ ఇదే తంతు. 26 x 1⅜ అయితే 590. కొండదారి సైకిళ్ళ 26 అయితే 559. కనుక అంగుళాలను నమ్మక, పాత టైరుపై గల రెండవ సంఖ్యను చూసి, అదే సంఖ్య గల టైరును తెప్పించుకొనుట ఉత్తమం.

చెయినుల విషయంలోనూ ఇటువంటి చిక్కే కలదు. లంకెల మధ్య దూరం అన్ని సైకిళ్ళకూ అర అంగుళమే. లోపలి వెడల్పు మాత్రం వేరు: గేర్లు లేని సైకిలుకు సాధారణంగా అంగుళంలో ఎనిమిదవ వంతు, గేరు సైకిలుకు దానికంటె తక్కువ. పెడళ్ళలో ఎడమదాని మర ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే వాటిపై ఎడమకు ఎల్, కుడికి ఆర్ అక్షరాలు గుర్తుగా ఉంటాయి. జత కాక ఒక్క పెడలే తెప్పించుకొనేవారు ఇది గమనించాలి.

సెక్టార్‌లోనే మరొక గృహిణి తమ కుమారుని గేరు సైకిలుకు వెనుక గేర్ల చక్రాలు తెప్పించిన తీరు ప్రశంసనీయం. ఆమె ముందుగా పాతదానిని విప్పించి, అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, పళ్ళు లెక్కించి, అది హబ్‌పై మరతో బిగించే రకమా, లేక జారవిడిచి తొడిగే రకమా అని మిస్త్రీని అడిగి తెలుసుకొన్నారు. ఆ తరువాతనే ఆర్డరు చేశారు. తెచ్చిన భాగం మొదటిసారికే సరిపోయింది.

ప్రాణం నిలిపే రబ్బరు ముక్క

ధర తక్కువ అన్న ఏకైక కారణంతో కొనగూడని వస్తువులు కొన్ని ఉన్నవి. వాటిలో మొదటిది బ్రేకు రబ్బరు. ఒక కాంట్రాక్టు కార్మికుడు తన కుమార్తెను క్యారియరుపై కూర్చోబెట్టుకొని బడికి దింపి పనికి వెళ్తుంటాడు. పేరున్న కంపెనీ ముద్రతో, సగం ధరకే వచ్చిన బ్రేకు రబ్బర్లను ఆయన కొన్నాడు. ఎండాకాలమంతా ఏ లోపమూ తెలియలేదు. తొలి వానలలో ఒక ఉదయం బ్రేకు ఎంత నొక్కినా బండి ఆగలేదు. కాళ్ళు నేలకు రాపాడించి ఎలాగో ఆపగలిగాడు. తండ్రికీ బిడ్డకూ ఏమీ కాలేదు. విప్పి చూడగా ఆ రబ్బరు ప్లాస్టిక్కు వలె గట్టిగా ఉన్నది. తడిసిన ఉక్కు రిమ్ముపై మంచి రబ్బరుకే పట్టు తగ్గుతుంది, ఇక అటువంటిదానికి పట్టు ఎక్కడిది?

భద్రత మన కర్మాగారంలో హెల్మెట్టుతో మొదలై గేటు వద్ద ముగిసిపోయేది కాదు. బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు, ముందు ఇరుసు, హ్యాండిలు కాండం అనే నాలుగింటినీ పరిచయమైన దుకాణంలో చేతితో తడిమి చూసి కొనుటయే మేలని మా అభిప్రాయం. ఫోను ద్వారానే కొనవలసి వస్తే, బిగించిన వెంటనే ఖాళీ స్థలంలో, రిమ్ము తడిపి, నెమ్మదిగా తొక్కి పరీక్షించాలి.

చట్టం మన పక్షాన

పై కార్మికుడు సరుకు వాపసు తీసుకొమ్మని కోరగా, గడువు దాటినదని అమ్మకందారు మొదట నిరాకరించాడు. పొరుగున ఉన్న ఒక యువకుడు సహాయపడి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేయించాడు. కొద్ది వారాలలో పైకం తిరిగి వచ్చింది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. అదే నెలలో ఈ-కామర్స్ నియమాలు కూడా వెలువడినవి. వాటి ప్రకారం ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలోగా పరిష్కరించాలి. సరుకు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదైనా అమ్మకందారు వాపసు తీసుకొనేందుకు నిరాకరించరాదు. అప్పటికీ న్యాయం జరగకుంటే, అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం నివసించే దుర్గ్ జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. సరుకు విలువ 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. ఇందుకు బిల్లు, ప్రకటన ఫొటో, పార్సెలు విప్పుతున్నప్పటి వీడియో భద్రపరచుకొంటే చాలు, సగం కేసు గెలిచినట్లే.

ధర సరిచూసుకొనేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళపై, వాటి భాగాలపై జీ.ఎస్.టీ. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత శాతం వేసి ఉన్నదేమో చూడండి.

మిస్త్రీని మరువవద్దు

ఈ వ్యవహారంలో నష్టపోతున్న వ్యక్తి ఒకరున్నారు. వేపచెట్టు కింద పంపు, నీళ్ళ బేసిను, పానాల పెట్టెతో కూర్చునే సైకిలు మిస్త్రీ. పూర్వం భాగం అమ్మగా మిగిలిన లాభం అతనికి ఆసరా. నేడు పార్సెలు మన ఇంటికి వస్తుంది, బిగింపు మాత్రం అతని వంతు. ఆ మిస్త్రీలలో ఒకరు మాతో చెప్పిన మాట ఆలోచింపదగినది: "సామాను బయటి నుంచి తెచ్చుకోండి బాబూ, తప్పులేదు. తెచ్చే ముందు ఒక్కసారి చూపించి అడగండి. తప్పుడు సామాను వస్తే మీకు డబ్బు పోతుంది, విప్పి మళ్ళీ బిగించిన నా గంట కూడా పోతుంది."

కనుక ఆర్డరుకు ముందు అతని సలహా, బిగింపుకు తగిన కూలి, ఈ రెండింటినీ లెక్కలో చేర్చుకొన్న తరువాతనే ఆన్‌లైన్ ధర చవకయో కాదో నిర్ణయించుకొందము. మిల్లులో ఒక మిల్లీమీటరు తేడాను పట్టుకోగల మన చేతులు, టైరు అంచుపై ముద్రించిన ఒక చిన్న సంఖ్యను చదువుటకు వెనుకాడవని మా విశ్వాసం.