కడుపు బాధలు: ఓర్చుకొనదగినవియు ఓర్చుకొనరానివియు

రైతు తన పశువును కనిపెట్టి చూచినట్లు తన దేహమును కనిపెట్టి చూచుకొనడు. ఎద్దు ఒకపూట నెమరు వేయకపోయిన యెడల ఇంటిల్లిపాదియు కంగారుపడుదురు. దాని డొక్క తట్టి చూతురు, పేడ ఎట్లున్నదో చూతురు, ప్రొద్దు క్రుంకులోపల పశువైద్యునికి కబురు పంపుదురు. ఆ యెద్దును తోలు రైతు మాత్రము నెలదినములుగా కడుపుమంటతో బాధపడుచు, కిరాణా కొట్టున మాత్ర కొని మ్రింగి, పొలమునకు పోవుచుండును. నేను వైద్యుడను గాను, వ్యవసాయ ప్రదర్శకుడను. అయినను పలాస, టెక్కలి ప్రాంతములందును, ఉద్దానపు తోటలయందును తిరుగునప్పుడు ఎరువులనుగూర్చి అడుగువారితో సమానముగా కడుపునుగూర్చి చెప్పుకొనువారును ఉన్నారు. కావున వైద్యులు చెప్పు సంగతులలో మన సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలసినవానిని ఇందు వ్రాయుచున్నాను.

కడుపు బాధలలో అధికభాగము రెండు మూడు దినములలో తమంతట తామే తగ్గునవి. పెండ్లిభోజనము వికటించుట, వేళతప్పి తినుట, ప్రయాణములో నీరు మారుట, ఇట్టివానికి ఆసుపత్రికి పరుగెత్తవలసిన పని లేదు. ఒకపూట తేలిక భోజనము, గంజి, మజ్జిగ, చోడి అంబలి చాలును. అయితే కొన్ని బాధలు చూచుటకు వీనివలెనే యుండి ప్రాణముమీదికి తెచ్చును. మరియు ఉద్దానమున కాపురముండువారికి ఇతర ప్రాంతములవారికి లేని చిక్కు ఒకటి కలదు. అది మూత్రపిండముల చిక్కు. కడుపునకును మూత్రపిండములకును సంబంధమేమని యడుగుదురు. చాల కలదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణమును అదియే.

మొదట నీళ్ల విరేచనములను చూతము. “లంకణము పరమౌషధము” అను మాట అజీర్ణమునకు సరిపోవును గాని విరేచనములగుచున్న పసిబిడ్డకు సరిపోదు. బిడ్డకు నీరిచ్చిన కొలది విరేచనములు హెచ్చునని కొందరు తల్లులు పాలును నీళ్లును మానిపింతురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. విరేచనముల రోగములో బిడ్డను చంపునది ముఖ్యముగా దేహములోని నీరును ఉప్పును తరిగిపోవుటయే. మడిలో నీరు కారిపోవుచున్నప్పుడు గట్టు కట్టువరకును నీరు పెట్టుట మానిన పైరు ఎండును గదా! ఇదియు అట్టిదే.

ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో కలిపిన నీటిని ప్రేగులు త్వరగా పీల్చుకొనును. ఉప్పు నీరు ఒక్కటే ఇచ్చిన అంత పనిచేయదు. చక్కెర తోడున్నప్పుడే ఉప్పు ప్రేగుగోడను దాటి లోపలికి పోవును, దాని వెంట నీరు పోవును. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలకొలది జనము శరణార్థులై వచ్చినప్పుడు, బనగాఁవ్ శిబిరములో కలరా వ్యాపించినది. నరమునకెక్కించు సెలైను సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన పొడిని పొట్లములు కట్టించి, నీటిలో కలిపి రోగుల బంధువులచేతనే త్రాగించిరి. నూటికి 20, 30 మంది చనిపోవుచుండిన ఆ రోగములో మరణములు నూటికి నాలుగింటికి లోపుగా తగ్గినవి. ఆయన 2022లో మరణించిన పిమ్మట 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించిరి. ఆ పొడియే నేడు ఆశా కార్యకర్తయొద్దను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను లభించు ఓ.ఆర్.ఎస్. పొట్లము.

పొట్లము మొత్తమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలుపవలెను. సగము పొడి ఒక గ్లాసులో కలిపి, తక్కినది దాచుట పనికిరాదు. అట్లు చేసిన ఉప్పు పాళము చెడును. కలిపిన నీటిని మరునాటికి ఉంచరాదు. పొట్లము దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండును గోరు గీసినట్లు సమముగా కొలిచి కలుపవచ్చును. ఉప్పు హెచ్చరాదు. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత పావు కప్పునుండి అర కప్పు, అంతకు పెద్దవారికి అర కప్పునుండి కప్పు, చెంచాతో మెల్లగా త్రాగింపవలెను. వాంతి చేసికొనిన యెడల పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. తల్లిపాలు మానరాదు. ఆరోగ్యకేంద్రములో ఇచ్చు జింకు మాత్రలను విరేచనములు కట్టిన తరువాతను చెప్పినన్ని దినములు వేయవలెను. అంగళ్లలో రంగురంగుల డబ్బాలలో అమ్ము తీపి పానీయములు ఇందుకు బదులు కావు. అట్టివానికి ఓ.ఆర్.ఎస్. అను పేరు పెట్టరాదని 2025 అక్టోబరులో భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ ఉత్తరువిచ్చినది. హైదరాబాదునందలి పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఇందుకై పెక్కేండ్లు పాటుపడిరి.

బిడ్డ కన్నులు లోతుకు పోయినను, పొట్టమీది చర్మమును చిటికెతో లాగి విడిచినప్పుడు వెంటనే సర్దుకొనకున్నను, ఆరు గంటలవరకు మూత్రము రాకున్నను, మగతగా పడియున్నను, త్రాగలేకున్నను, ఇంటివైద్యముతో ఒక్క గంటయు గడుపరాదు. రక్తము పడినను, కడిగిన బియ్యపు నీళ్లవలె ధారగా పోవుచున్నను అట్లే. తుపాను పిమ్మట ఇట్టి రోగములకు అవకాశము హెచ్చు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసయొద్దనే తీరము దాటి కొబ్బరి, జీడితోటలను నేలపాలు చేసిన సంగతి మనమెవరమును మరువలేదు. వరదనీరు దిగిన బావిని క్లోరిను కలిపి శుద్ధిచేయువరకును నీరు కాచియే త్రాగవలెను.

ఇక మూత్రపిండముల సంగతి. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో ఈ వ్యాధి ఎన్ని యిండ్లను ఆర్పినదో చెప్పనక్కరలేదు. దీని మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అయితే చెడుచున్న మూత్రపిండమును మరింత త్వరగా చెరుపునవి యేవో వైద్యులు ఎరుగుదురు. వానిలో రెండు మన చేతిలోనివి. ఒకటి, దేహములో నీరు ఎండుట. ఎండలో దినమంతయు పనిచేయువాడు విరేచనములు పట్టినప్పుడు నీరు త్రాగకున్న, మూత్రపిండములకు రక్తము చాలక అవి దెబ్బతినును. రెండవది నొప్పిమాత్రలు.

జీడితోటలలోను కొబ్బరితోటలలోను పనిచేయు ఆడువారు పైటకొంగున మాత్రల పట్టీ ముడివేసికొని యుండుట నేను పలుమార్లు చూచితిని. నడుము నొప్పికొకటి, మోకాలి నొప్పికొకటి, పనిదినము గడచుటకొకటి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ మొదలైనవి ఈ జాతివి. ఇవి నొప్పిని అణచునది నిజమే. అయితే జీర్ణాశయపు లోపలి పొరకు రక్షణగానుండు జిగురును ఇవియే తగ్గించును. అందుచేత పుండ్లు పడును. మూత్రపిండమునకు పోవు రక్తమును ఇవియే తగ్గించును. పరగడుపున వేసికొనిన కడుపుమంట పుట్టును. ఆ మంటకు మరియొక మాత్ర కొందురు. కొట్టువాడు ఇచ్చిన రెండు మాత్రలలో ఒకటి రోగము, రెండవది దాని మందు అన్నమాట! నొప్పిమాత్రను నెలల తరబడి వేసికొనుచున్నవారును, విరేచనములలో వేసికొనువారును వెంటనే వైద్యునితో చెప్పి మాన్పించుకొనవలెను. అవసరమైనచో పారాసిటమాల్ వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చును.

పుండు మిరపకారమువలన పుట్టునని మనవారి నమ్మకము. కారము మంటను హెచ్చించునేమో గాని పుండునకు మూలము అది కాదు. నొప్పిమాత్రలు కాక మరియొక ముఖ్యకారణము ఒక సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను వైద్యులు 1982లో దీనిని పెంచి చూపిరి. ఎవరును నమ్మనందున మార్షల్ 1984లో ఆ జీవులున్న ద్రవమును తానే త్రాగి జబ్బుపడెను. 2005లో వారిద్దరికి నోబెల్ బహుమానము వచ్చినది. దీని ఫలితము మనకు మేలైనది: పరీక్షచేసి సూక్ష్మజీవి యున్నదని తెలిసిన యెడల, పది పదునాలుగు దినములు మందులు వాడి దానిని నిర్మూలింపవచ్చును. ఏండ్ల తరబడి మంట మాత్రలు నమలనక్కరలేదు. అయితే మంట తగ్గినదని నాలుగవనాడు మందు మానరాదు. కలుపును సగము తీసి విడిచినట్లగును.

తారువలె నల్లగా, జిగటగా, దుర్గంధముతో విరేచనమైన యెడల పైన ఎక్కడనో పుండునుండి రక్తము కారుచున్నదని తెలిసికొనవలెను. ఇనుప ధాతువు మాత్రలు వాడువారికిని నల్లగా పోవును గాని అది వేరు. రక్తము వాంతి అయినను, కాఫీ పొడివంటి వాంతి అయినను 108కి ఫోను చేయవలెను.

ఇంకొక సంగతి ఉద్దానమువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. అన్నము సహింపకపోవుట, ఉదయమున వికారము, వాంతి, నోట లోహపు రుచి, వదలని వెక్కిళ్లు, ఇవి అన్నియు కడుపు జబ్బువలె కనబడును గాని మూత్రపిండములు చెడినవారికిని ఇట్లే యుండును. మలినము రక్తములో నిలిచిపోవుటచేత ఆకలి చచ్చును. “పైత్యము” అని నిమ్మకాయ పిండుకొనుచు ఆరు నెలలు గడిపి, పాదములు ఉబ్బినతరువాత ఆసుపత్రికి పోవువారున్నారు. మన ప్రాంతమున రెండు వారములకు మించి ఆకలి మందగించినవారు, వయస్సు ఎంతైనను, రక్తములో క్రియాటినిన్‌ను, మూత్రములో ఆల్బుమిన్‌ను పరీక్షింపుమని తామే అడుగవలెను. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా నీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి. నీరు కుళాయికి వచ్చినను పరీక్ష మానదగినది కాదు.

కొబ్బరినీళ్లనుగూర్చి ఒక మాట. కొబ్బరి మన సొత్తు. కడుపు చెడిన ప్రతివానికిని బొండము కొట్టి యిత్తుము. మంచివానికి మంచిదే. అయితే అందులో పొటాసియము హెచ్చు. మూత్రపిండములు చెడినవాడు దానిని బయటకు పంపలేడు. అది రక్తములో పెరిగి గుండెనే ఆపవచ్చును. అట్టి రోగులు వైద్యుని అడుగక బొండము త్రాగరాదు, ఓ.ఆర్.ఎస్. సంగతియు వైద్యునినే అడుగవలెను. ప్రేమతో ఇచ్చు బంధువులకును ఈ మాట చెప్పవలెను. నొచ్చుకొందురు గాని చెప్పకతప్పదు.

కత్తి పెట్టి నయముచేయవలసిన నొప్పులు కొన్ని గలవు. బొడ్డుచుట్టు మొదలై, కొన్ని గంటలలో కుడివైపు పొత్తికడుపునకు దిగి, నడచినను దగ్గినను హెచ్చు నొప్పి అపెండిసైటిస్ కావచ్చును. దీనికి ఆముదము త్రాగింపరాదు. లోపల పగిలినచో చీము పొట్టనంతటిని చెరుపును. పొట్ట ఉబ్బి, వాయువైనను వెడలక, వాంతులగుచున్న యెడల ప్రేగు అడ్డుపడినదని అనుమానింపవలెను. బస్తాలు మోయువారికి గజ్జలలో పొంగు వచ్చి, పండుకొనిన లోపలికి పోవుచుండును. అది ఒకనాడు గట్టిపడి లోపలికి పోక, నొప్పియు వాంతులును పట్టిన యెడల ఆ రాత్రియే పోవలెను. ఇక పైకడుపున మంటయని, గాస్ అని సోడా త్రాగువానికి చెమటలు పట్టి, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి ప్రాకినచో అది గుండెపోటు కావచ్చును. నలుబది యేండ్లు దాటినవారును, చక్కెరవ్యాధిగలవారును దీనిని గాస్ అని తీసివేయరాదు.

పొలములోనుండి వచ్చు కడుపునొప్పులు రెండు. పురుగుమందు చల్లి వచ్చినవానికి వాంతులు, కడుపులో మెలిపెట్టుట, నోట చొంగ, ఒళ్లంత చెమట, కనుపాప చిన్నదగుట కనబడినచో అది మందు సోకుటయే. బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి, మందు డబ్బాతోసహా ఆసుపత్రికి చేర్పవలెను. వాంతి చేయింప బూనరాదు. రెండవది కట్లపాము కాటు. కళ్లములోనో అరుగుమీదనో నేలను పండుకొనినవాడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచును. కాటు నొప్పి తెలియదు, గాయము కనబడకపోవచ్చును. కొంతసేపటికి కనురెప్పలు వ్రాలును, మాట తడబడును, మ్రింగుట కష్టమగును. ఇంటివారు అజీర్ణమనుకొని వాము నీళ్లిచ్చుచుండగా ఊపిరి ఆగును. దీనికి మంత్రము లేదు. విషమునకు విరుగుడు మందును, ఊపిరి నిలుపు యంత్రమునుగల ఆసుపత్రియే దిక్కు. దోమతెర చుట్టును దోపుకొని మంచముమీద పండుకొనుట మేలు.

మెల్లగా తినివేయు జబ్బులకు తొందరలేదు గాని ఉపేక్షయు పనికిరాదు. కన్నులు పచ్చబడుట, కారణములేక బరువు తగ్గుట, మ్రింగునప్పుడు ముద్ద అడ్డుపడుట, నలుబదేండ్లు దాటినతరువాత విరేచనపు అలవాటు మారుట గాని మలములో రక్తము పడుట గాని జరిగిన యెడల మొలలేయని తలపక పరీక్ష చేయించుకొనవలెను. ఇసుక గరువులలోని నీడతోటలు కొంకిపురుగునకు అనుకూలమైన నేలలు. అది వట్టి పాదముద్వారా దేహములో ప్రవేశించి ప్రేగులో రక్తము పీల్చును. పాలిపోయి, మెట్టెక్కిన ఆయాసపడువారు ఆల్బెండజోల్ మాత్రనుగూర్చి అడుగవలెను. తోటలో చెప్పులు తొడుగుటయు, మరుగుదొడ్డి వాడుటయు దీనికి నివారణము.

ఖర్చునకు జంకి ఆగువారికొక సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఎంచుకొనిన మూడు జిల్లాలలో శ్రీకాకుళమొకటి. 2024లో దానికి ఎన్టీఆర్ వైద్యసేవయని పేరు మార్చిరి. ఆసుపత్రికి పోవునప్పుడు బియ్యపు కార్డును, ఆధార్‌ను, వెనుకటి పరీక్షల కాగితములను, వేసికొనుచున్న మాత్రల పట్టీలను, నాటుమందైనచో దానిని కూడ, ఒక సంచిలో వేసికొని పోవలెను. నొప్పి ఎన్నడు మొదలైనది, ఎచ్చట మొదలై ఎచ్చటికి పోయినది, చివరిసారి మూత్రమెప్పుడు వచ్చినది, ఈ మూడు సంగతులును వైద్యుడు అడుగకముందే చెప్పవలెను. మాటాడలేని రోగియైనచో వెంట పోవువారు ముందుగా కనుగొని యుంచుకొనవలెను.