విండోస్ వదిలి మ్యాక్‌కు మారేటప్పుడు

విండోస్ కంప్యూటర్‌కూ, యాపిల్ తయారుచేసే మ్యాక్‌కూ పైకి పెద్ద తేడా కనపడదు. తెర, కీబోర్డు, ప్రాసెసర్, మెమరీ రెండింటిలోనూ ఉన్నవే. ఈమెయిల్ అయినా, బ్యాంకు వెబ్‌సైటయినా రెండింటిలోనూ ఒకేలా తెరుచుకుంటాయి. తేడా అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. ఏ ప్రోగ్రామైనా డిస్కులో ఫైలు దాచాలన్నా, తెరమీద అక్షరం చూపించాలన్నా, ప్రింటర్‌కు పేజీ పంపాలన్నా ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే చేయించుకోవాలి. చేయించుకునే పద్ధతి విండోస్‌లో ఒకటి, మ్యాక్‌ఓఎస్‌లో ఇంకొకటి. అందుకే విండోస్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను తెచ్చి మ్యాక్‌లో నేరుగా నడపడం కుదరదు. దాన్ని తయారుచేసినవారే మ్యాక్ కోసం విడిగా ఇంకో కూర్పు ఇవ్వాలి. ఇచ్చారా లేదా అన్నదే మారాలనుకునేవారు మొట్టమొదట తేల్చుకోవాల్సిన విషయం. ధర, బరువు, బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఈ రెండింటి మధ్య పోటీ నలభై ఏళ్ల నాటిది. మొదటి మ్యాక్, అంటే మెకింతోష్, 1984 జనవరి 24న వచ్చింది. విండోస్ తొలి కూర్పు 1985 నవంబరులో వెలువడింది. తొంభైల్లో విండోస్ ఇంటింటికీ చేరుతుంటే యాపిల్ నష్టాల్లో కూరుకుపోయింది. 1997 ఆగస్టులో విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే అందులో 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టి, మ్యాక్ కోసం ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్లపాటు తయారుచేస్తానని మాటిచ్చింది. ఈ రోజు మారేవారికి ఆ ఒప్పందంలో డబ్బు కన్నా రెండో భాగమే ముఖ్యం. వర్డ్, ఎక్సెల్ మ్యాక్‌లో లేకపోయి ఉంటే ఆఫీసు పని చేసుకునేవారు అటు చూసేవారే కాదు. 2002లో యాపిల్ ‘స్విచ్’ పేరుతో ప్రకటనలు ఇచ్చింది. విండోస్ వదిలి వచ్చినవారే వాటిలో తమ అనుభవాలు చెప్పారు.

2006లో మ్యాక్‌లలోకి ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చాయి. విండోస్ కంప్యూటర్లలో ఉన్నవీ అవే కాబట్టి, బూట్ క్యాంప్ అనే సౌకర్యంతో ఒకే మ్యాక్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టుకునే వీలు కలిగింది. 2020 నవంబరులో యాపిల్ సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. ఎం వరుస చిప్‌లు ఇంటెల్ వాటి నుంచి పూర్తిగా వేరైన ఆర్మ్ పద్ధతిలో పనిచేస్తాయి. తక్కువ కరెంటుతో నడుస్తాయి, తక్కువ వేడెక్కుతాయి. వీటితో వచ్చే మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే ఉండదు. బూట్ క్యాంప్ గురించి పాత సలహాలు విని ఇప్పుడు కొత్త మ్యాక్ కొంటే ఆ సౌకర్యం అందులో ఉండదు.

మారాలన్న ఆలోచన ఇటీవల చాలామందికి రావడానికి మరో కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పెట్టాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త తరం ప్రాసెసర్ కావాలి. బాగానే నడుస్తున్న పాత యంత్రాలు ఎన్నో ఈ నిబంధన దగ్గర ఆగిపోయాయి. ఎలాగూ కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు ఏ వైపు వెళ్లాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

జవాబు చేసే పనిని బట్టి ఉంటుంది. బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్, వీడియో పాఠాలతో సరిపోయే విద్యార్థికి, ఉపాధ్యాయుడికి రెండూ ఒకటే. ఐఫోన్ యాప్‌లు రాసేవారికి ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లో తప్ప నడవదు. ఫోటోషాప్, ఇన్‌డిజైన్, ప్రీమియర్ రెండు వైపులా ఉన్నాయి. ఇబ్బందంతా మిగతా వృత్తుల్లో. ఆటోక్యాడ్‌కు మ్యాక్ కూర్పు ఉంది గానీ, భవనాల డిజైన్‌కు వాడే రెవిట్‌కూ, త్రీడీఎస్ మ్యాక్స్‌కూ లేదు. మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే పరిమితం. ఊళ్లో చాలామంది వ్యాపారుల లెక్కలు ఉండే టాలీ విండోస్ కోసం తయారైనదే. ఎక్సెల్ మ్యాక్‌లో ఉన్నంత మాత్రాన ప్రతి ఎక్సెల్ ఫైలూ అందులో నడుస్తుందనుకోవడానికీ లేదు. యాక్టివ్‌ఎక్స్ బటన్లు పెట్టి, మాక్రోలతో తయారుచేసిన ఫారాలు మ్యాక్ ఎక్సెల్‌లో తెరుచుకుంటాయి, బటన్లు మాత్రం పలకవు.

విండోస్ ప్రోగ్రామ్‌లు తప్పనివారికి ఒక మధ్యేమార్గం ఉంది. ప్యారలల్స్ వంటి వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ మ్యాక్ లోపల ఒక కిటికీలో విండోస్ 11ను నడిపిస్తుంది. అక్కడ నడిచేది ఆర్మ్ చిప్‌ల కోసం తయారైన విండోస్. మామూలు విండోస్ ప్రోగ్రామ్‌లను అది అప్పటికప్పుడు మార్చుకుని చాలావరకు నడుపుతుంది. డ్రైవర్ల విషయంలో మాత్రం ఆ మార్పిడి సాగదు. ఒక అకౌంటెంట్ సంగతే చూస్తే, లెక్కల ప్రోగ్రామ్ తెరుచుకోవచ్చు, జీఎస్టీ రిటర్ను కూడా సిద్ధం కావచ్చు. చివర్లో సంతకం కోసం డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను యూఎస్‌బీలో పెట్టాక, దాని డ్రైవర్‌కు ఆర్మ్ కూర్పు లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. గడువు రోజున ఈ సంగతి బయటపడితే జరిమానా కట్టాల్సి వస్తుంది. అలాంటి పనులున్నవారు పాత విండోస్ యంత్రాన్ని అమ్మకుండా ఇంట్లోనో ఆఫీసులోనో ఉంచుకుని, మ్యాక్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వాడుకోవడం మేలు. అయితే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆ సౌకర్యానికి పాత యంత్రంలో ఉన్నది విండోస్ ప్రో అయి ఉండాలి. హోమ్ కూర్పులో ఆ వీలు ఉండదు.

ప్రోగ్రామ్‌ల తర్వాత ఫైళ్లు. పీడీఎఫ్‌లు, ఫోటోలు, పాటలు, వీడియోలు, వర్డ్ ఫైళ్లు ఏ మార్పూ లేకుండా మ్యాక్‌లో తెరుచుకుంటాయి. చిక్కు అవి ఉన్న డిస్కుతో వస్తుంది. విండోస్‌లో వాడిన పోర్టబుల్ హార్డ్ డిస్కు సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటుంది. మ్యాక్ దాన్ని చదవగలదు, దానిలో రాయలేదు. ఫోటోలన్నీ కనపడుతూనే ఉంటాయి, ఒక్క ఫైలు కూడా సేవ్ కాదు. డిస్కు పాడైందనుకుని అక్కడికక్కడే ఫార్మాట్ చేస్తే ఏళ్ల నాటి ఫోటోలన్నీ పోతాయి. రెండు వైపులా చదవడానికీ రాయడానికీ కుదిరేది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి. కొత్త డిస్కును ఆ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుని, పాతదానిలోవి అందులోకి కాపీ చేసుకున్నాకే పాతదాన్ని ముట్టుకోవాలి. పాత ఫ్యాట్32 కూడా రెండు వైపులా నడుస్తుంది గానీ, అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. పెళ్లి వీడియో ఆ హద్దును సులువుగా దాటేస్తుంది.

యాపిల్ ఇచ్చే మైగ్రేషన్ అసిస్టెంట్‌ను విండోస్ కంప్యూటర్‌లో పెట్టి, రెండు యంత్రాలనూ ఒకే వైఫైకి కలిపితే పత్రాలు, ఫోటోలు, కాంటాక్టులు వంటివి అదే తరలిస్తుంది. ప్రోగ్రామ్‌లను తేదు. మైక్రోసాఫ్ట్ 365 వంటి చందా పద్ధతివి రెండు వైపులా చెల్లుతాయి కానీ, ఒకసారి డబ్బు కట్టి కొన్న పాత విండోస్ ఆఫీస్ మ్యాక్‌లోకి రాదు.

తెలుగులో రాసుకునేవారికి ఇంతకన్నా పెద్ద ముడి ఇంకోటి ఉంది. అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే సంకేతాలు ఉండాలని వచ్చిన యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి కూర్పు నుంచీ ఉంది. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, మ్యాక్‌లో తెలుగు ఫాంట్లు 2011లో లయన్ కూర్పుతో అందాయి. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు ఈనాడు ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. మన డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో, ప్రచురణ సంస్థల్లో ఏళ్ల తరబడి పేరుకున్నది మాత్రం వేరే రకం తెలుగు. అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పనిచేసేవి. వాటిలో ‘అ’ అని కనిపించే చోట కంప్యూటర్ దాచుకునేది ఒక ఇంగ్లీషు గుర్తును. ఆ గుర్తు స్థానంలో తెలుగు ఆకారాన్ని చూపించేది ఫాంటు ఒక్కటే. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు పరుచుకుంటాయి.

పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. ఓఎస్ ఎక్స్ అనే కొత్త మ్యాక్ వ్యవస్థ కోసం దాన్ని తిరగరాయనే లేదు. అంటే పాతికేళ్ల కథలు, వ్యాసాలు, పాఠ్యపుస్తకాలు ఒక ఫాంటునూ, ఒక ఆగిపోయిన ప్రోగ్రామ్‌నూ నమ్ముకుని ఉన్నాయి. ఆ యంత్రాలు మూలపడితే వాటితోపాటు ఆ రాతలూ పోతాయి, ఇది చిన్న నష్టం కాదు. మ్యాక్‌కు మారినా మారకపోయినా వాటిని విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్‌గా దాచి, కన్వర్టర్‌తో పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒకసారి ప్రూఫు చూడక తప్పదు. వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి.

యూనికోడ్ ఫైళ్లకూ ఒక చిన్న జాగ్రత్త కావాలి. విండోస్‌లో దొరికే గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు మ్యాక్‌తో రావు. మ్యాక్ కోహినూర్ తెలుగు వంటి తన ఫాంటును పెట్టుకుంటుంది. అక్షరాలు సరిగానే ఉంటాయి గానీ పంక్తులు జరుగుతాయి, పది పేజీల వ్యాసం పదకొండు పేజీలవుతుంది. మండలి, ఎన్టీఆర్, సూరన్న, మల్లన్న వంటి ఉచిత ఫాంట్లను రెండు వైపులా పెట్టుకుంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే, పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే అతుక్కుంటాయి.

టైపింగ్ సంగతికొస్తే, మ్యాక్ సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో ఇన్‌పుట్ సోర్స్‌గా తెలుగును చేర్చుకోవాలి. డీటీపీ ఆపరేటర్లలో ‘యాపిల్’ లేఅవుట్ అలవాటున్నవారు ఎందరో ఉన్నారు. ఆ పేరు చూసి మ్యాక్‌లో అదే అమరిక ఉంటుందని నమ్మకూడదు. యంత్రం కొనకముందే దుకాణంలో నాలుగు వాక్యాలు కొట్టి చూసుకోవాలి. తెలుగు రాత కంప్యూటర్లకు ఎంత క్లిష్టమో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక సంకేతాల వరుసలో పంపితే ఐఫోన్లలో, మ్యాక్‌లలో మెసేజీ యాప్‌లు కూలిపోయాయి. జకూ ఞకూ తర్వాత, దీర్ఘానికి ముందు, తెరపై కనిపించని ఒక విడదీత గుర్తు ఉండటం ఆ చిక్కుకు మూలం. ఆ నెల 19న యాపిల్ దిద్దుబాటు విడుదల చేసింది.

చేతి అలవాట్లు మారడానికి కొన్ని వారాలు పడుతుంది. విండోస్‌లో కంట్రోల్ మీట చేసే పనుల్లో చాలావాటిని మ్యాక్‌లో స్పేస్ బార్ పక్కనున్న కమాండ్ మీట చేస్తుంది. చిటికెన వేలితో నొక్కేదాన్ని బొటనవేలితో నొక్కాలన్నమాట. ఫైలును ఎంచుకుని ఎంటర్ కొడితే విండోస్‌లో తెరుచుకుంటుంది, మ్యాక్‌లో పేరు మార్చమంటుంది. తెరవడానికి కమాండ్‌తో ఓ నొక్కాలి. ఫైలును ఒక ఫోల్డర్ నుంచి తీసి మరోదానిలో పెట్టాలంటే కాపీ చేసి, అతికించేటప్పుడు కమాండ్, ఆప్షన్, వీ మూడూ కలిపి నొక్కాలి. కిటికీని ఎర్ర బటన్‌తో మూసినా చాలా ప్రోగ్రామ్‌లు వెనకాల నడుస్తూనే ఉంటాయి, కమాండ్‌తో క్యూ నొక్కితే గానీ ఆగవు. మొదట్లో వీటికి విసుగొస్తుంది. దాన్ని చూసి నిర్ణయం తప్పనుకోవాల్సిన పనిలేదు.

కొనేటప్పుడు మెమరీ విషయంలో వెనకాడకూడదు. ఎం వరుస మ్యాక్‌లలో ర్యామ్ చిప్‌తో కలిసే ఉంటుంది, తర్వాత పెంచడం అసాధ్యం. 2024 అక్టోబరు నుంచి ఎం వరుస కొత్త మ్యాక్‌లు కనీసం 16 జీబీతో వస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఎం1 యంత్రాలు ఎక్కువగా 8 జీబీవి. ఇంటెల్ మ్యాక్‌లు చవకగా వస్తున్నాయని తీసుకోవడం మంచిది కాదు. వాటికి మ్యాక్‌ఓఎస్ 26 టాహో కూర్పే చివరిదని యాపిల్ 2025లో ప్రకటించింది. అమెరికా నుంచి పిల్లలో బంధువులో తెచ్చిచ్చే మ్యాక్‌బుక్‌లు మన ఇళ్లల్లో మామూలే. వాటి చార్జరు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటుంది కాబట్టి పిన్ను మారిస్తే చాలు. తెచ్చినవారు తమ యాపిల్ అకౌంటు నుంచి సైన్ అవుట్ అయ్యారో లేదో మాత్రం తప్పక చూసుకోవాలి. యాక్టివేషన్ లాక్ ఉండిపోతే ఆ యంత్రాన్ని కొత్తవారి పేరున వాడుకోలేరు.

తిరిగి విండోస్‌కు వచ్చేవారికి ఇవే చిక్కులు తలకిందులుగా ఎదురవుతాయి. మ్యాక్ వాడే ఏపీఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ గుర్తించదు. యాపిల్ పేజెస్ ప్రోగ్రామ్‌లో రాసుకున్నవాటిని వర్డ్ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోవాలి. ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉంటే మ్యాక్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. మ్యాక్‌లో వాడిన పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ షాపులో పెడితే చుక్కతోనూ చిన్న గీతతోనూ మొదలయ్యే వింత ఫైళ్లు కనిపిస్తాయి. అవి వైరస్ కాదు, మ్యాక్ తన గుర్తుకోసం రాసుకున్నవి.

ఏ వైపు మారినా పాత యంత్రాన్ని వెంటనే వదిలించుకోకూడదు. కనీసం ఒక నెల రెండూ ఉండాలి. ఆ నెలలో ఒక జీఎస్టీ రిటర్నో, ఒక ప్రింటింగ్ పనో, పాత మెయిల్ వెతుక్కోవడమో, ఏది తమ బతుకుతెరువో అది కొత్త యంత్రంలో పూర్తిగా చేసి చూడాలి. అన్నీ కుదిరాక పాతదానిలోని లైసెన్సులను డీయాక్టివేట్ చేసి, అకౌంట్ల నుంచి సైన్ అవుట్ అయి, విండోస్‌లోని రీసెట్ దిస్ పీసీలో అన్నీ తొలగించే, డ్రైవును శుభ్రం చేసే ఎంపికలు పెట్టి తుడిచేశాకే ఇంకొకరి చేతికి ఇవ్వాలి.