ఒక మీటకు రెండు స్వరములు

కడప జిల్లా లింగాల మండలమున చీనీతోట గల ఒక యువ పాఠకుడు, మూలబడిన పాత మీటల ఫోనొకటియు, పదునెనిమిది కాళ్ల చిప్పొకటియు, రెండు రిలేలును పోగుచేసి, ఇంటి వసారాలో కూర్చుండియే తోటలోని బోరు మోటారును నడుపగల పెట్టెను స్వయముగా తయారు చేసికొని, అంతటితో తృప్తి నొందక మా పత్రిక కొక ప్రశ్న పంపినాడు. ఫోనుమీద 5 నొక్కినపుడు చిప్పునకు వినిపించునది ఒక స్వరము గాక రెండు స్వరముల కలయిక యట; ఒక్కటి చాలదా, రెండెందుకు అని యాతని సందేహము. పెట్టె పనిచేసిన పిమ్మట కూడ నిద్రపట్టనీయని ఇట్టి ప్రశ్నను పక్కన పెట్టుట నా తరము గాదు.

ఆ ప్రాంతమున ఇట్టి పెట్టెలు ఏల పుట్టినవో చెప్పుటకు రెండు మాటలు చాలును. మండలములోనే పార్నపల్లె కడ చిత్రావతి జలాశయ మున్నను, చీనీచెట్టు చాలకాలముగా బోరునీటినే నమ్ముకొన్నది. బోరు మూడు ఫేజుల కరెంటును నమ్ముకొన్నది. ఆ కరెంటు అర్ధరాత్రివేళ వచ్చిన నాళ్లలో రైతు టార్చిలైటు పట్టుకొని, పురుగు పుట్ర తిరుగు గట్లవెంట నడచిపోయి స్టార్టరు మీట నొక్కవలసియుండెను. పుణెలో పుట్టిన నానో గణేష్, బెంగళూరిలో పుట్టిన కిసాన్ రాజా వంటి యంత్రములు అంగళ్ల కెక్కినవి గాని, ఇంట చేసికొనువాని యానందము వేరు. మన పాఠకుని పెట్టె తీరు ఇది: ఇంటినుండి పిలిచినపుడు తోటలోని ఫోను తనంతట తానే పిలుపు నందుకొనును. దాని ఇయర్‌ఫోను తీగనుండి వచ్చు శబ్దము చిన్న కెపాసిటరు గుండా ఎం.టి. 8870 అను చిప్పులోనికి పోవును. చిప్పు ఆ శబ్దము ఏ మీటదో కనిపెట్టి నాలుగు కాళ్లమీద ద్విసంఖ్యారూపమున వెలువరించును. అది ట్రాన్సిస్టరును, ట్రాన్సిస్టరు రిలేను, రిలే స్టార్టరును కదలించును.

ఇక అసలు కథ. మీటలపలకలో అడ్డు వరుసలు నాల్గింటికి 697, 770, 852, 941 హెర్ట్‌జ్‌ల మంద్రస్వరములును, నిలువు వరుసలకు 1209, 1336, 1477 హెర్ట్‌జ్‌ల తారస్వరములును ఏర్పరచినారు. మన ఫోనులపై కానరాని నాల్గవ నిలువు వరుసకు 1633 కలదు. 5 నొక్కిన 770, 1336 కలిసి మ్రోగును. మంద్రములలో గాని తారములలో గాని ప్రతి స్వరమునకును దాని పై స్వరమునకును నడుమ నిష్పత్తి ఇంచుమించు 19కి 21. ఈ నిష్పత్తి యాదృచ్ఛికము గాదు. 697ను రెట్టింపు చేసిన 1394 వచ్చును. అది 1336కును 1477కును నడుమనున్న ఖాళీలో పడునే గాని దేనికిని నూటికి నాలుగు వంతులకంటె చేరువ గాదు. 770కి రెట్టింపైన 1540 కూడ అట్లే ఖాళీలో పడును. చిప్పు అంగీకరించు తేడా నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే కనుక, తీగలో కలుగు శబ్దవికృతి వలన పుట్టు రెట్టింపు స్వరము మరియొక మీటగా భ్రమింపజేయజాలదు.

ఇచ్చట ఒక అపోహను ఖండింపక తప్పదు. ఏ రెండు స్వరముల భేదమును మూడవ స్వరముతో కలియదని పుస్తకములలో వ్రాయుచుందురు. అక్షరశః అది నిజమే. కాని 1477లో 770 తీసివేసి చూడుడు: 707 వచ్చును, 697కు పది హెర్ట్‌జ్‌ల దూరమున! 1633లో 941 తీసిన 692 మిగులును, అది మరింత చేరువ. కాబట్టి ఈ పద్ధతిని కాపాడునది అంకెల ఇంద్రజాల మొక్కటియే కాదు.

అసలు శత్రువు మానవకంఠము. ఏలయన, ఈ స్వరములును మాటలును ఒక్క తీగలోనే, 300 మొదలు 3400 హెర్ట్‌జ్‌ల వరకు గల ఒక్క యిరుకు దారిలోనే నడువవలెను. ఒక పురుషుని కంఠము 111 హెర్ట్‌జ్‌ల మూలస్వరముతో పలుకుచున్నదనుకొందము. అందులో ఏడవ గుణిజము 777, పండ్రెండవది 1332, రెండును అంగీకృతసీమలోనివే! రైతు ‘అన్నా’ యని పలుకగానే పెట్టె 5 నొక్కినారని భ్రమించి మోటారును కదలింపవలెను గదా? కదలింపదు. 1960లో అమెరికా టెలిఫోను సంస్థయైన బెల్ వారి పత్రికలో ఎల్. షెంకర్ వివరించిన ఉపాయ మిచ్చటనే నా మనస్సును హరించును. వచ్చిన శబ్దమును మొదట మంద్రము, తారము అని రెండు పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను ఒక స్థిరమైన ఎత్తునకు కత్తిరించెదరు. పాయలో ఒక్క స్వరమే యున్నయెడల ఆ ఎత్తంతయు దానిదే. కంఠములోనైతే 777తో పాటు 666, 888 కూడ దొర్లుకొని వచ్చును గనుక అవన్నియు ఆ ఎత్తును పంచుకొనును. కాలువనీరు ఒక్క మడికి మళ్లిన నిండును, పది మళ్లకు పంచిన ఏదియు నిండదు. ఎం.టి. 8870 ఈ పనినే వేరొక తీరున చేయును: అది తరంగము సున్నను దాటు క్షణములను లెక్కపెట్టి, ఆ లెక్క సుమారు 40 మిల్లీసెకండ్లు నిలకడగా నున్ననే ఒప్పుకొనును.

అట్లయిన ఒక్క స్వరమునే పెట్టి, ఈ కత్తిరింపు కాపలాతో సరిపుచ్చరాదా? రాదు, కంఠము స్వచ్ఛస్వరమును పలుకజాలదు గాని ఈల పలుకగలదు. ఈలలో గుణిజములు దాదాపు శూన్యము. కాపలా ఎంత గట్టిదైనను ఈలకు తలుపు తెరచును. కాని సామాన్యముగా ఒక్క నోరు ఒకేమారు రెండు ఈలలు వేయలేదు. లింగాల ప్రశ్నకు సమాధాన మిదియే.

ఈ సత్యము నెరిగిన వారే మరియొకచోట విస్మరించుట విచిత్రము. అమెరికాలో దూరప్రాంతపు తీగ ఖాళీగా నున్నదని తెలుపుటకు 2600 హెర్ట్‌జ్‌ల స్వర మొక్కటే వాడిరి. జో ఎంగ్రెస్సియా అను అంధబాలుడు ఈలవేసి ఆ తీగలను వశపరచుకొనెను. జాన్ డ్రేపర్ అనునతడు సీరియల్ డబ్బాలో వచ్చిన బొమ్మ ఈలతో అదేపని చేసి ప్రఖ్యాతుడయ్యెను. 1963 నవంబరులో పెన్సిల్వేనియాలో చందాదారుల చేతికి రెండు స్వరముల మీటల నిచ్చిన సంస్థయే, తన రహదారులకు మాత్రము ఈలతో తెరచుకొను తాళము వేసినది!

మరియొక ముచ్చట. 8870కి తోడుగా నుంచు స్ఫటికముపై 3.579545 మెగాహెర్ట్‌జ్ అని యుండును. అది అమెరికా పాత రంగుల టెలివిజను పద్ధతిలోని అంకె. అక్కడ లక్షలకొలది తయారై చవుకబడినందుననే చిప్పు నిర్మాతలు ఆ స్ఫటికమును ఎన్నుకొనిరి. మన దేశపు పాత టెలివిజను పద్ధతి వేరు, దాని స్ఫటికము 4.43. మన టీవీ ప్రసారములకు పనికిరాని స్ఫటికము మన చీనీతోటలలో మోటార్లు వేయుచున్నది. ఇంకొక సంగతి. మన మిత్రుడు తన చేతి ఫోనే మీటల స్వరమును పంపుచున్నదని భావించినచో అదియు సరికాదు: జి.ఎస్.ఎం. ఫోను ‘5 నొక్కిరి’ అను సందేశము మాత్రమే పంపును, స్వరమును పుట్టించునది నెట్‌వర్కులోని ఎక్స్‌ఛేంజి.

ఉపయోగములను గూర్చి కొంత వ్రాయుమని సంపాదకులు పట్టుబట్టినారు గనుక వ్రాయుచున్నాను, సణుగుచునే. ఇంటినుండి మోటారు వేయుట సులభమైన కొలది ఆపుట మరచుటయు సులభమగును. అడుగంటిన భూగర్భజలమునకు ఈ పెట్టె చేయు మేలు నాకు కానరాదు. స్టార్టరు కాయిలు తీగల నడుమ 415 వోల్టులుండును, అది 5 వోల్టుల బల్లపై చేయు ఆట గాదు. రిలే తగిలించు పని ఎలక్ట్రీషియనుకు విడువవలెను. తప్పు నంబరు వాడెవడో 5 నొక్కవచ్చును గనుక నాలుగంకెల రహస్యసంఖ్య నడిగిన పిమ్మటనే పెట్టె కదలవలెను. ఇంట చేసిన పెట్టెలలో తరచు లోపించునది ప్రత్యుత్తరము: రిలే పడినంతమాత్రమున మోటారు తిరిగినట్లు గాదు. మోటారుకు పోవు ఒక తీగను కరెంటు ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో దూర్చి దాని సంకేతమును పెట్టెకు చేర్చినయెడల, మోటారు తిరుగుచున్నదో లేదో ఫోనులోనే తెలియును. నీరు తగ్గి బోరు గాలి పీల్చునపుడు మోటారు తీసికొను కరెంటు పడిపోవును గనుక, ఆ సంగతిని కూడ ఆ చుట్టయే పట్టియిచ్చును.