వాట్సాప్‌లో డబ్బు మాట వస్తే, అవతల ఉన్నది ఎవరో సరిచూసుకోండి

కోట ప్రాంత రైతులకు రొయ్య పిల్లల బుకింగ్, ధాన్యం బేరం, గూడూరు నిమ్మ మార్కెట్ ధర అన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. హేచరీకి అడ్వాన్సు ఏ ఖాతాలో వేయాలన్నదీ అందులోనే వస్తుంది. చాట్‌లో ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్’ అని కనబడగానే ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. ఆ రక్షణ ఎంతవరకో తెలుసుకోవడం అవసరం.

ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది?

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో వ్యక్తుల మధ్య సందేశాలు, కాల్స్ అన్నీ ఈ పద్ధతిలోనే వెళ్తున్నాయి. మీ ఫోన్‌లో తాళం పడిన సందేశం అవతలి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. దారిలో ఎవరూ చదవలేరు. అయితే ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో తాళం చెప్పదు.

విత్తన బస్తా కుట్టు గట్టిగా ఉంటే దారిలో ఎవరూ విప్పలేదని తెలుస్తుంది. లోపల ఏ రకం ఉందో తెలియాలంటే ట్యాగ్, లాట్ నంబరు చూడాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగ్ ఉందో లేదో చూసే కొంటారు కదా. డబ్బు పంపేముందు మనిషినీ అలాగే చూడాలి.

మోసం జరిగే దారులు

• తెలిసిన వ్యాపారి పేరు, ఫొటో పెట్టుకుని కొత్త నంబరు నుంచి “ఖాతా మారింది, ఇందులో వేయండి” అని రాస్తారు.
• వ్యాపారిని ఏమార్చి ఓటీపీ తెలుసుకుని, ఆయన వాట్సాప్‌ను తమ ఫోన్‌లో తెరుస్తారు. అప్పుడు నంబరు పాతదే, రాసేది మాత్రం దొంగ.
• పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు పంపుతారు. దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోనే వాళ్ల చేతికి పోవచ్చు.

సెక్యూరిటీ కోడ్ సరిచూసే పద్ధతి

1. చాట్‌లో పైన ఉన్న పేరు మీద నొక్కి ‘ఎన్‌క్రిప్షన్’ తెరవండి. క్యూఆర్ కోడ్, 60 అంకెలు కనిపిస్తాయి.
2. మనిషి ఎదురుగా ఉంటే ఒకరి కోడ్‌ను ఇంకొకరు స్కాన్ చేయండి. ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.
3. దూరంగా ఉంటే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మామూలు కాల్ చేయండి. గొంతు గుర్తుపట్టాక అంకెలు ఐదైదుగా చదివి సరిపోల్చండి.
4. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో ‘సెక్యూరిటీ నోటిఫికేషన్స్’ ఆన్ చేయండి. కోడ్ మారితే చాట్‌లోనే తెలుస్తుంది.

ఈ 60 అంకెలు అవతలి వ్యక్తికి చదివి వినిపించినా నష్టం లేదు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. రెండింటినీ కలగలపవద్దు.

కోడ్ మారిందని వస్తే?

కొత్త ఫోన్ కొన్నా, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా కోడ్ మారుతుంది. కాబట్టి మారిన ప్రతిసారీ మోసమని కాదు. కానీ ఆ వెంటనే డబ్బు మాట వస్తే ఆగండి. కాల్ చేసి మాట్లాడి, కోడ్ మళ్లీ సరిచూశాకే పంపండి. కోడ్ సరిపోతే ఫోన్ ఆయనదేనని తెలుస్తుంది. సరుకు నాణ్యత సంగతి మీరు విడిగా చూసుకోవాల్సిందే.

ప్రభుత్వ నంబర్ల విషయంలో

ఇక్కడ ఎదురెదురుగా కోడ్ చూడడం కుదరదు. నంబరునే సరిచూడాలి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009. దాన్ని ఇప్పుడే సేవ్ చేసుకోండి. పథకం పేరుతో వేరే నంబరు నుంచి లింకు గానీ ఫైలు గానీ వస్తే తెరవకుండా రైతు సేవా కేంద్రంలో చూపించండి.

మీ ఖాతా కాపాడుకోవడానికి

• ‘టూ స్టెప్ వెరిఫికేషన్’లో 6 అంకెల పిన్ పెట్టుకోండి.
• ‘లింక్‌డ్ డివైసెస్’లో మీకు తెలియని పరికరం ఉంటే వెంటనే తొలగించండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది, ఆపడం కష్టమవుతుంది.

మీరు తరచూ డబ్బు పంపేది నలుగురైదుగురికే. హేచరీ, మిల్లు, ఎరువుల దుకాణం వాళ్లు ఈసారి కలిసినప్పుడే కోడ్ స్కాన్ చేసుకోండి. రెండు నిమిషాల పని, పంట పెట్టుబడిని కాపాడుతుంది.