పింఛను ఆసరా, పని బతుకుదెరువు

పెన్‌పహాడ్: నాట్లు, కోతలే ఆధారమైన పల్లెల్లో కాలో చెయ్యో సహకరించని మనిషిని ‘వీడేం పని చేస్తాడు’ అని అరుగు మీద కూర్చోబెట్టడం మామూలే. వేళకు తిండి పెడతారు, పని మాత్రం చెప్పరు. పొలం పని చేయలేనివారు మరే పనికీ పనికిరారనుకోవడం వల్లనే ఈ చిక్కు.

దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. అంతకుముందు ఆ జబ్బున పడిన పిల్లల్లో చాలామంది నేడు సంసారాలు ఈదే వయసువారు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2014లో రూ.1,500, 2019లో రూ.3,016, 2023లో రూ.4,016 అయింది. ఇది ఆసరాయే గాని, దీనితోనే ఇల్లు గడవదు.

హైదరాబాద్‌లో 1968లోనే వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రం వెలిసింది. దేశంలో మొదట నెలకొల్పిన రెండింటిలో ఇదొకటి. రెండవది బొంబాయిది. విద్యానగర్ ఏటీఐ ఆవరణలోని ఈ కేంద్రాన్ని ఇప్పుడు జాతీయ కెరీర్ సేవా కేంద్రమంటున్నారు. వచ్చినవారిలో మిగిలివున్న శక్తిని ముందు అంచనా కడతారు. చదువెంత, వేళ్ల పట్టు ఎలా ఉంది, మనసు ఏ పని మీద ఉంది అని చూసి, తగిన పనిలో తర్ఫీదు ఇస్తారు. కాళ్లు చచ్చుబడినా చేతులు చురుకైనవారు కుట్టుపని, కంప్యూటరు పని వంటివి కూర్చునే చేయగలరు.

పని నేర్వడం ఒక ఎత్తు, పనిలో నిలవడం మరో ఎత్తు. వేళకు తయారుకావడం, వీలైనంతవరకు సొంతంగా బస్సెక్కడం, కూలి డబ్బు లెక్క చూసుకోవడం ఇంట్లోనే అలవాటు కావాలి. అన్నీ తామే చేసిపెట్టే తల్లిదండ్రులు తమ తదనంతరం సంగతి కూడా ఆలోచించాలి.

40 శాతం, ఆపైన వైకల్యమున్నవారికి 2016 నాటి చట్టం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం కేటాయించింది. కొలువులో ఉండగా వైకల్యం వస్తే తొలగించరాదని కూడా చెప్పింది. ధ్రువపత్రం పింఛనుకేననుకుని పెట్టెలో దాచుకుంటే ఈ హక్కులు అందవు.

పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ చేరాలంటే నడవలేని మనిషికి తోడు కావాలి. తోడు వెళ్లినవారికి ఆనాటి కూలి పోతుంది. కూలి చేసుకునే ఇంట తర్ఫీదు మాట ఆగిపోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. పరీక్షించి పని నేర్పే శిబిరాలు మండల కేంద్రానికే వస్తే, అరుగు మీది మనిషి పనిలోకి అడుగుపెడతాడు.