వాష్‌బేసిన్ ట్రాప్

వాష్‌బేసిన్ ట్రాప్ అనేది బేసిన్‌లోని వాడిన నీటిని గోడలోని మురుగు గొట్టానికి చేర్చే వంపు గొట్టం. బేసిన్ వాడిన ప్రతిసారీ కొంత నీరు ఈ వంపులో నిలిచి ఉంటుంది. ఆ నీరే మూతగా పనిచేసి మురుగు కాలువలోని దుర్వాసనను, విషవాయువులను, పురుగులను ఇంటిలోకి రానివ్వదు. పాత బేసిన్‌ను తొలగించి, కింద అలమర గల 'వ్యానిటీ' బేసిన్‌ను అమర్చినపుడు ట్రాప్‌ను కొత్త కొలతలకు సరిపెట్టవలసి ఉంటుంది.

చరిత్ర

స్కాట్లాండుకు చెందిన గడియారాల నిపుణుడు అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో ఎస్ ఆకారపు వంపు గల మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. ఎస్ ట్రాప్‌లో వేగంగా దిగే నీరు సైఫన్ చర్య వలన వంపులోని నీటిని కూడా లాగుకొనిపోవచ్చు. అందుచేత అమెరికా ప్లంబింగు నియమావళులు దీనిని నిషేధించాయి. అక్కడ బేసిన్‌లకు పి ఆకారపు ట్రాప్‌ను వాడతారు. దీనిలో నిలిచే నీటి లోతు సాధారణంగా 2 నుండి 4 అంగుళాలు.

కొత్త బేసిన్‌కు సరిపెట్టుట

ఎత్తు: కొత్త బేసిన్ రంధ్రం పాతదానికంటే ఎత్తుగా ఉంటే నిలువు గొట్టానికి మరొక ముక్క చేర్చాలి. దిగువన ఉంటే ఆ గొట్టాన్ని కోసి పొట్టిగా చేయాలి. అప్పటికీ ట్రాప్ నుండి నీరు వెలువడే చోటు గోడ గొట్టం కంటే దిగువన ఉంటే, గోడ తెరిచి ఆ గొట్టాన్నే కిందికి దించాలి.

పక్కకు తేడా: వంపు ముక్కను నిలువు గొట్టం చుట్టూ తిప్పి కొద్దిపాటి తేడాను సర్దవచ్చు. తేడా ఎక్కువైతే ఎల్బో వాడాలి.

వాలు: గోడవైపు పోయే గొట్టం అడుగుకు పావు అంగుళం చొప్పున వాలుగా ఉండాలి.

అలమర సొరుగులు, వెనుక పలక గొట్టాలకు అడ్డువచ్చే అవకాశం ఉన్నందున, గోడ గొట్టం ఎత్తును వ్యానిటీ కొనడానికి ముందే కొలుచుకోవడం మంచిది.

జాగ్రత్తలు

ఒకే గొట్టంపై వరుసగా రెండు ట్రాప్‌లు అమర్చరాదు. ముడతల గొట్టంలో జుట్టు, సబ్బు మడ్డి త్వరగా పేరుకుంటాయి. ప్లాస్టిక్ నట్లను చేతితో బిగించి, తరువాత కొద్దిగా మాత్రమే తిప్పాలి. ఎక్కువ బిగిస్తే అవి పగులుతాయి. చివరకు బేసిన్‌ను నింపి, నీటిని ఒక్కసారిగా వదిలి, అతుకులను పొడి కాగితంతో తుడిచి తడిని పరీక్షించాలి.

భారతదేశంలో

ఇక్కడ అనేక ఇళ్ళలో బేసిన్ గొట్టం నేరుగా నేలలోని నహానీ ట్రాప్‌లో కలుస్తుంది. అటువంటి చోట వాయువులను ఆపేది ఆ నేల ట్రాప్‌లోని నీరే.

ప్రాముఖ్యత

2003లో హాంగ్‌కాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ నివాస సముదాయంలో 300 మందికి పైగా సార్స్ వ్యాధికి గురయ్యారు. స్నానాలగదుల నేల ట్రాప్‌లలో నీరు ఎండిపోవడం వ్యాధి వ్యాప్తికి ఒక కారణమని విచారణలో తేలింది. అందువలన చాలాకాలం వాడని బేసిన్‌లోను, నేల ట్రాప్‌లోను అప్పుడప్పుడు నీరు పోస్తూ ఉండాలి.